కొంగు కింద ముఖం

ఆ గదిలో బల్ల ఎక్కిన ప్రతి ఆడమనిషికీ వార్డు ఆయమ్మ చెప్పే మొదటి మాట ఒకటే: "మొగానికి కొంగేసుకో మా."

నొప్పి ఎక్కడని ఎవరూ అడగకముందే ఆ మాట వచ్చేది. అనంతపురంలో నేను వైద్యం చదివిన ఆసుపత్రిలో, స్త్రీల వార్డును ఆనుకుని ఉన్న పరీక్ష గదిలో అదొక ఆచారం. ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు, ఎవరూ ఎందుకని అడగలేదు. ముదిగుబ్బ వైపు నుంచి గొర్రెలు కాసుకునే మనిషి వచ్చినా, బత్తలపల్లె నుంచి శెనక్కాయలు ఒలిచే కూలీ వచ్చినా అదే మాట. వాళ్ళు కూడా దానికోసమే ఎదురుచూస్తున్నట్టు కొంగు లాగి ముఖం మీద కప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత బల్ల మీద మాకు కనిపించేది మనిషి కాదు. మడిచిన రెండు మోకాళ్ళు, వాటి మధ్య మేము నేర్చుకోవలసిన పాఠం.

నేను ఆచారాలను నిలదీసే ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన వానను నమ్ముకుని శెనక్కాయ వేసే రైతు. వాన రాని ఏడాదల్లా హేతువాద సభల్లో మాట్లాడేవాడు, అంటే చాలా ఏళ్ళు మాట్లాడాడు. వాన కోసం ఊళ్ళో కప్పలకు పెళ్ళి చేస్తుంటే ఊరేగింపుకు అడ్డంగా నిలబడి, "ఆ కప్పనే అడగండప్పా, వాన ఎప్పుడొస్తాదో" అన్న మనిషి. దేవర పూనిందని ఊగే ఆమె తనకు తెలియనిది లేదంటే, "అట్లయితే మా బోరులో నీళ్ళు యాడికి పోయినాయో చెప్పు తల్లీ" అని అడిగేవాడు. వాదించడం నాకు నేర్పింది ఆయనే. "తెలీకపోతే తెలీదని చెప్పు పాపా. ఆ మాట నోట్లోంచి రానోడే సామి అయ్యేది" అనేవాడు.

ఆ తర్ఫీదుతోనే కాలేజీ వక్తృత్వ పోటీలో నిలబడి, మనిషి శరీరంలో గుండె ఉంది, కాలేయం ఉంది, సిగ్గు అనే అవయవం మాత్రం ఎక్కడా లేదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. కొన్ని నెలలకే ఆ లేని అవయవం మా తరగతిలో అందరికీ ఒకేసారి మొలిచింది.

మొదట మమ్మల్ని ఒక రబ్బరు బొమ్మ దగ్గర నిలబెట్టారు. నడుము నుంచి తొడల సగం దాకా ఉన్న బొమ్మ. తల లేదు, చేతులు లేవు. రెండు వేళ్ళు లోపల, రెండో చేయి పొత్తికడుపు మీద. ఆ రెండు చేతుల మధ్య గర్భసంచి ఎంతుందో, ఎటు వంగి ఉందో, పక్కన గడ్డలేమైనా ఉన్నాయో పట్టుకోవాలి. మా ప్రొఫెసర్ మేడమ్ కోస్తా నుంచి వచ్చిన మనిషి, చేతివాసికి పేరున్న డాక్టరు. "మామూలుగా అయితే నిమ్మకాయంత, పెరిగితే బత్తాయంత" అనేది. బత్తాయిని మేము మా సీమ మాటలో చీనీకాయ అని మనసులో మార్చుకునేవాళ్ళం. బొమ్మలో నిమ్మకాయ అందరికీ దొరికింది. రబ్బరుకు నొప్పి లేదు కాబట్టి మాకూ భయం లేదు.

తర్వాత మనుషుల దగ్గరికి పంపారు.

ముందురోజు హాస్టల్లో ఎవరికీ అన్నం సయించలేదు. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకున్నాం. మగపిల్లలకు తమ ముఖంలో ఏం కనపడుతుందోనని భయం, బల్ల మీది మనిషి తమను ఏమనుకుంటుందోనని భయం. ఆడపిల్లలకు ఇంకో రకం. నా ఒంట్లోనూ ఇదే ఉంది కదా, రేపు ఆ బల్ల మీద నేనుంటే, అన్నంతవరకు ఆలోచన వచ్చి ఆగిపోయేది. వీటన్నిటి కిందా అందరికీ ఉమ్మడిగా ఉన్న భయం ఒకటుంది, దాన్ని ఎవరూ పైకి అనలేదు. వేళ్ళకు ఏమీ అందకపోతే ఎలా? ఆ సంగతి నలుగురిలో బయటపడితే ఎలా?

బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకతను మా బ్యాచ్‌లో ఉండేవాడు. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి. ఆ రోజు మెస్‌లో నా ఎదురుగా కూర్చుని పళ్ళెంలో అన్నం కెలుకుతూ అన్నాడు.

"గొర్రె ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే నేనే చెయ్యి పెట్టి తీసినా మే. అప్పుడు భయం కాలేదు."

"మరి ఇప్పుడేమైంది?"

"గొర్రె అరుస్తాది. ఈమె అరవదు. అదీ నా భయం."

పక్కనున్నవాడు, "అట్లయితే పశువుల డాక్టరు అయిపోప్పా, ఈడ పీజీ సీటుకు ఒకడు తగ్గుతాడు" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మా భయాన్ని తీర్చింది ఏ అధ్యాపకుడూ కాదు, ఆ కొంగు. ముఖం కనపడకపోతే చాలు, చేయి వణకడం సగం తగ్గేది. ఆమె కళ్ళలోకి చూడనక్కర్లేదు. నమస్కారం పెట్టనక్కర్లేదు, నీ పేరేంటి అని అడగనక్కర్లేదు, నేను చూడొచ్చా అని అడగడం అసలే అక్కర్లేదు. కొంగు ఆమె సిగ్గును కాపాడడానికని అందరూ అనుకునేవాళ్ళు. అది కాపాడింది మా సిగ్గును. పెద్ద నర్సింగ్ హోముల్లో చల్లటి గదుల్లో పడుకున్న ఆడవాళ్ళ ఒంటి మీద ఎవరూ పాఠాలు చెప్పరు. ఉచితంగా వైద్యం చేస్తున్నాం కదా, ఆ మాత్రం ఓర్చుకోదా అనే లెక్క ఈ గదిలోనే చెల్లుతుంది. గుడి ముందు తలుపు మూసి కొందరిని బయట ఉంచినవాళ్ళను తిట్టిన నోళ్ళే, ఇక్కడ తలుపు తెరిచి ఒక ఆడమనిషిని చూడడానికి మమ్మల్నందరినీ లోపలికి పిలిచినప్పుడు మాట్లాడలేదు.

రెండో ఏడాది మగవాళ్ళ వార్డులో ఒక ముసలి సారు మాకు చెప్పిన సూత్రం ఉంది: చేయి పొట్ట మీద, కన్ను ముఖం మీద. నొక్కుతున్నప్పుడు రోగి నోటితో చెప్పకపోయినా కనుబొమ్మ చెబుతుందని, చూడనివాడికి పొట్ట ముట్టే హక్కు లేదని ఆయన అనేవాడు. ఆ సూత్రం ఈ గది గడప దాటి లోపలికి రాలేదు. ఇక్కడ కన్ను పెట్టడానికి ముఖమే లేదు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఒక్కొక్కరూ చూసి చేయి తీయగానే మేడమ్ "తెలిసిందా?" అని అడిగేది. "తెలిసింది మేడమ్" అనేవాళ్ళం. మెత్తటి చీకట్లో వేళ్ళు ఏదో తడిమేవి, అది నిమ్మకాయో చీనీకాయో ఎవరికీ తెలిసేది కాదు. అయినా ప్రతి నోటా అదే జవాబు. తెలియలేదని చెబితే మళ్ళీ చూడమంటారు. మళ్ళీ అంటే మళ్ళీ ఆ భయం. అందుకని మాకందరికీ అన్నీ తెలిసేవి. మా నాయన వినుంటే దేవర పూనినామెకూ మాకూ తేడా ఏమిటని అడిగేవాడు.

ఎండలు ముదిరిన రోజులవి. ఆసుపత్రి కుళాయిల్లో నీళ్ళు రావడం మానేశాయి. ట్యాంకరు నీళ్ళు డ్రమ్ములో నింపి, ఆయమ్మ చెంబుతో ముంచి మా చేతుల మీద పోసేది. ఆ రోజు బల్ల ఎక్కిన ఆమె ధర్మవరం నుంచి వచ్చింది. పట్టుచీరలు నేసే ఇల్లు. భర్త మగ్గం మీద కూర్చుంటే ఆమె రాట్నం మీద కండెలు చుట్టేది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుకే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించారు. కొన్ని రోజులుగా పొత్తికడుపులో నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనపడటం, లేస్తే కళ్ళు తిరగడం. లోపల ఇన్‌ఫెక్షన్ అని, ఒంట్లో రక్తం తక్కువని అనుకున్నారు. ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి గర్భం అన్న అనుమానం ఎవరికీ రాలేదు. మందులు రాసి, మరుసటి రోజు స్కాన్‌కు పంపాలనుకున్నారు. ఈలోపు పాఠానికి మంచి కేసు అన్నారు.

మొదట మేడమ్ చూసింది. తర్వాత బెళుగుప్ప మిత్రుడి వంతు. అతని చేయి మోచేతి దాకా వణకడం మా అందరికీ కనిపించింది.

"తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

"కదిపితే నొప్పి ఉందా?"

అతను కొంగు వైపు చూశాడు. కొంగు ఏమీ చెప్పలేదు.

"లేదు మేడమ్."

తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. అందరికీ తెలిసింది, ఎవరికీ నొప్పి కనపడలేదు. నా వంతు వచ్చేసరికి ఆమె తొడలు సన్నగా అదురుతున్నాయి. వేలు తగలగానే నడుము బల్ల మీంచి కొద్దిగా లేచింది. అలవాటుగా ముఖం వైపు చూశాను. కొంగు మధ్యలో నోరున్న చోట గుడ్డ లోపలికి పోయి ఉంది. చుట్టూ తడి. ఆమె కొంగును పళ్ళ మధ్య పెట్టి కొరుకుతోంది.

చేయి తీసేశాను. బల్ల తలాపికి వెళ్ళి వంగి, "అక్కా, కొంగు తీయి. నొప్పిగా ఉండాదా?" అని అడిగి, గుడ్డ అంచు పట్టుకున్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్ళు.

"కిందంతా చూసినారు కదా పాపా. మొగమన్నా నాది కానీ."

కొంగు వదిలేశాను.

"నొప్పి ఉంది మేడమ్" అన్నాను.

"ఆమె చెప్పిందా?"

"చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది."

"అందరూ కుక్కుకుంటారమ్మా. అది సిగ్గు."

"ఇది సిగ్గు కాదు మేడమ్."

"డిబేట్ బయట పెట్టుకో. నెక్స్ట్."

మేడమ్ చెడ్డ మనిషి కాదు. రాత్రీ పగలూ ఆ వార్డులో నిలబడి ఎంతోమంది తల్లులను బతికించిన మనిషి. ఆమె కూడా చదువుకునే రోజుల్లో ఇలాంటి కొంగుల దగ్గరే నేర్చుకుంది. ఆచారం బలమంతా అక్కడే ఉంటుంది. అది చెడ్డవాళ్ళ చేతుల్లో ఉంటే ఎప్పుడో చచ్చేది. మంచివాళ్ళే దాన్ని మోసుకుతిరుగుతారు.

క్లాసు అయ్యాక ధర్మవరం ఆమె మంచం దగ్గరికి వెళ్ళాను. మిత్రుడూ నా వెనకే వచ్చాడు, తల ఎత్తకుండా. ఆమె పక్కకు తిరిగి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. అప్పుడు మొదటిసారి ముఖం చూశాను. నాకంటే కొంచెమే పెద్దది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"అంత నొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదక్కా?"

"ఆయమ్మ చెప్పె. అరవాకు, సదువుకునే పిల్లోళ్ళు బెదురుకుంటారు అనె."

"బెదిరితే బెదరనీ. నీ నొప్పి నువ్వు చెప్పాల గదా."

ఆమె నా వెనక నిలబడ్డ అతన్ని చూసింది. సన్నగా నవ్వినట్టుంది. "ఈ నాయన చెయ్యి వణకతాండె. నా కొంగు పలచనిది పాపా. మీకు నా మొగం కనపడదు గానీ, నాకు మీరంతా కనపడతారు. అందరూ బెదురుకోనుండారు. ఈ నాయన మొగమైతే ఏడ్సేట్టు ఉండె. నేను గానీ అరిస్తే ఈ పిల్లోడు మళ్ళా సదువు జోలికి పోడు అనుకొంటి. గమ్మునుంటి."

అతను బయటికి వెళ్ళిపోయాడు.

మేము ఆమెను చూడలేదు, ఆమె మమ్మల్ని చూసింది. మా భయాన్ని కనిపెట్టింది, దానికి వైద్యం కూడా చేసింది, తన నొప్పిని నమిలి మింగి. ఇన్నేళ్ళ చదువులో నేను చూసిన అతి భయంకరమైన వైద్యం అది.

డ్యూటీలో ఉన్న డాక్టరు దగ్గరికి పోయి ఆమెకు నొప్పి ఎక్కువగా ఉందని, పెదవులు పాలిపోయాయని చెప్పాను. ఆయన అప్పుడే ఒక కాన్పు ముగించుకుని వచ్చి, నిలబడే టీ తాగుతున్నాడు.

"మేడమ్ చూసినారు కదా. నువ్వు కొత్తగా ఏం కనుక్కొన్యావు?"

"ఏం జబ్బో నాకు తెలీదన్నా. నొప్పి ఉంది. అది మాత్రం తెలుసు."

"ఈ వార్డులో నొప్పి లేనామె ఎవరుండారో చూపించు. రేపు స్కాన్ ఉండాది కదా, పో."

ఆయన టీ గ్లాసు పెట్టేలోపు ఇంకో కాన్పు కేసు వచ్చింది. నేను తిరిగి వచ్చి ఆమె నాడి చూశాను. వేగంగా ఉంది. నర్సు సెలైన్ పెట్టింది. ఎండ చల్లబడకముందే, సెలైన్ అయిపోగానే ఆమె నీళ్ళకని లేచి డ్రమ్ము దాకా నడిచి, అక్కడే కూలిపోయింది. ఆయమ్మ చేతిలో చెంబు కింద పడి దొర్లిన చప్పుడు నాకింకా గుర్తుంది. అప్పుడు అందరూ పరుగెత్తారు. మేడమ్ కూడా పరుగెత్తింది. థియేటర్‌లో కడుపు కోస్తే నిండా రక్తం. పిండం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే గొట్టంలో నిలిచింది, ఆ గొట్టం పగిలింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయినవాళ్ళలో కూడా అరుదుగా ఇలా జరుగుతుందని మా పుస్తకంలోనే ఉంది. భర్త రక్తం కోసం తిరుగుతున్నాడు. అతను సీసా పట్టుకుని వచ్చేసరికి ఆమె లేదు.

మా చేతుల వల్లే గొట్టం పగిలిందని నేను అనను. ఆధారం లేకుండా మాట్లాడడం మా నాయన నాకు నేర్పలేదు. అది ఏదో ఒక పూట పగిలేదే. మా చేతుల వల్ల కాదని కూడా అనలేను, దానికీ ఆధారం లేదు. ఇంతవరకు మాత్రం చెప్పగలను: గర్భసంచిని కదిపితే ప్రాణం పోయేంత నొప్పి అన్నది ఆ జబ్బు చేసే పెద్ద హెచ్చరిక. ఆ హెచ్చరిక ఆ ఉదయం మా అందరి వేళ్ళ కిందా వచ్చింది. ఒక నూలు గుడ్డ అవతల ఆగిపోయింది.

వార్డులో అందరూ తలరాత అన్నారు. పక్క మంచం అవ్వ అంది, నర్సు అంది, చదువుకున్న డాక్టరూ అన్నాడు. తలరాత అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. వినాల్సినవాళ్ళు వినకపోతే, దానికి పెట్టుకునే పేరు.

ఆమె భర్త థియేటర్ బయట మెట్ల మీద కూర్చున్నాడు. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చినట్టే ఉన్నాడు, చొక్కా మీద పట్టుపోగులు అంటుకుని. బెళుగుప్ప మిత్రుడు తెల్లకోటు తీసి చేతిలో పట్టుకుని అతని పక్కన నిలబడ్డాడు. భర్త తల ఎత్తి అడిగాడు.

"పొద్దున మీరంతా చూసినారంట గదప్పా. అంతమంది చూసినారు. ఒక్కరికన్నా తెలీలేదా?"

తిట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. అంతమంది చదువుకున్నవాళ్ళు చూస్తే ఒక్కరికైనా తెలుస్తుందని అతని నమ్మకం. మిత్రుడు అతని పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

మరుసటి ఉదయం మళ్ళీ అదే గది. క్లాసు రద్దు కాలేదు. మేడమ్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిన్నటి సంగతి ఎవరూ ఎత్తలేదు. బల్ల మీదికి కూడేరు వైపు నుంచి వచ్చిన ఒకామెను పడుకోబెట్టారు. ఆయమ్మ గొంతు తగ్గించి, ఎవరి ముఖమూ చూడకుండా, "మొగానికి కొంగేసుకో మా" అంది. ఆమె కప్పుకుంది.

మొదటి వంతు మళ్ళీ మిత్రుడిదే. గ్లవ్ వేసుకున్నాడు, చూశాడు, చేయి తీశాడు.

"తెలిసిందా?"

అతను గ్లవ్ విప్పి డబ్బాలో వేశాడు.

"తెలీలేదు మేడమ్."

ఆ మాట ఆ గదిలో అంతకుముందు నేను వినలేదు.

"ఏం తెలియలేదు?"

"గర్భసంచి తెలీలేదు. ఈమెకు నొప్పి ఉండాదో లేదో తెలీలేదు." ఆగాడు. "నిన్నా తెలీలేదు మేడమ్. తెలిసిందని చెప్పినా."

మేడమ్ కోప్పడుతుందనుకున్నాం. ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట ట్యాంకరు నుంచి డ్రమ్ములోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. తిరిగి వచ్చి, తనే గ్లవ్స్ వేసుకుంది. "నేను చూపిస్తాను. చూడండి" అంది.

నేను ఎవరినీ అడగలేదు. బల్ల తలాపికి వెళ్ళి వంగాను. నిన్నటి తప్పు మళ్ళీ చేయదలచుకోలేదు, గుడ్డ ముట్టుకోలేదు.

"అక్కా, కొంగు తీయొద్దు. అది నీది. నీ చెయ్యి మాత్రం ఇట్లియ్యి. నొప్పయితే నా చెయ్యి పిసుకు. నేను ఆపిస్తా. ఎవరు బెదురుకున్నా నీకు పన్లేదు."

కొంగు కింద తల కొద్దిగా ఇటు తిరిగింది. ఆ గుడ్డలోంచి నేను ఎలా కనపడుతున్నానో నాకు తెలియదు. తర్వాత ఒక చేయి బయటికి వచ్చింది. మట్టి పని చేసే చేయి, గరుకుగా, చల్లగా.

మేడమ్ పరీక్ష మొదలుపెట్టింది. నిమ్మకాయ గురించి, బత్తాయి గురించి చెబుతోంది. కొంగు ఏమీ చెప్పలేదు, ఎప్పటిలాగే. నా వేళ్ళు మాత్రం ఒక్కసారిగా నలిగిపోయాయి.

"ఆపండి మేడమ్" అన్నాను.

మేడమ్ ఆపింది.